చేత్తో ఆడే ఆటకి ఫుట్‌బాల్ అని పేరేంటి?

"బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తే అమెరికా ఆటని ఫుట్‌బాల్ అని ఎందుకంటారు?" అని ఒకరు అడిగారు. డాలస్ వచ్చిన కొత్తలో నేనూ ఇలాగే వెక్కిరించినవాణ్ణే. బంతి ఆకారం చూసి కోడిగుడ్డు ఆట అనేవాణ్ణి.

మావాడు హైస్కూల్ మార్చింగ్ బ్యాండులో డ్రమ్ కొడతాడు. హాఫ్‌టైములో ఆ కాసేపు వాడి వాయింపు వినడానికి శుక్రవారం రాత్రంతా ఇనప బెంచీ మీద కూర్చోవాలి. ఆట 48 నిమిషాలేనంటారు గానీ ఇంటికొచ్చేసరికి పదిన్నర దాటుతుంది. బంతి రెండు సెకన్లు కదులుతుంది, వెంటనే అందరూ పంచాయతీ పెద్దల్లా గుమిగూడి మంతనాలు మొదలెడతారు. పార్కింగుకి డబ్బులు, చల్లారిపోయిన నాచోస్‌కి డబ్బులు, అదో బాధ.

నిరుడు అక్టోబర్లో ఒక రాత్రి మావాళ్లు రెండు పాయింట్లు వెనకున్నారు, ఇంకా నాలుగు సెకన్లే ఉంది. అప్పుడు లేచాడు ఒక బక్క కుర్రాడు. అంతసేపూ ఓ మూల వలలోకి బంతి తన్నుకుంటున్నవాడే. మిగతావాళ్ల చేతులకి చెమటా, టర్ఫ్ మీది నల్ల రబ్బరు పొడీ అంటుకుపోయి ఉంటే, వీడి జెర్సీ మడత కూడా నలగలేదు. ఒకడు బంతిని నిలబెట్టి వేలితో పట్టుకున్నాడు. వీడు మూడడుగులు వెనక్కి, రెండడుగులు పక్కకి వేసి, ఏటవాలుగా వచ్చి పాదం లోపలివైపుతో తన్నాడు. బంతి సరిగ్గా స్తంభాల మధ్య నుంచి పోయింది. మూడు పాయింట్లు, గెలిచేశాం! ఇందులో కాలు ఎక్కడుందని ఇంకా అడుగుతారా?

ఆ తన్నుడు కూడా సాకర్ నుంచి, అంటే మనం ఫుట్‌బాల్ అనే ఆట నుంచి వచ్చిందే. హంగరీలో పుట్టిన పీట్ గోగొలాక్ 1964లో అలా పక్క నుంచి తన్నేదాకా ప్రొఫెషనల్ లీగుల్లో అందరూ ఎదురుగా వచ్చి బూటు ముందుభాగంతో తన్నేవాళ్లే.

అసలు 1869లో రట్గర్స్, ప్రిన్స్‌టన్ కాలేజీలు ఆడిన మొదటి మ్యాచ్‌లో జట్టుకి 25 మంది, బంతి గుండ్రటిది, దాన్ని పట్టుకుని పరిగెత్తడం కుదరదు. 1874లో కెనడాలోని మెక్‌గిల్ యూనివర్సిటీ వాళ్లతో ఆడాకే హార్వర్డ్ వాళ్లు బంతి పట్టుకుని పరిగెత్తే రగ్బీ రుచి మరిగారు. 1883 లెక్క చూడండి: టచ్‌డౌన్‌కి, అంటే బంతితో అవతలివాళ్ల గీత దాటితే, 2 పాయింట్లు, దాని తర్వాత తన్నే గోల్‌కి 4, ఆ బక్క కుర్రాడు తన్నినలాంటి ఫీల్డ్ గోల్‌కి 5. చేతికంటే కాలికే కూలి ఎక్కువ! బంతిని ముందుకి విసరనిచ్చింది 1906లో. పేరు అంతకుముందే పడిపోయింది, ఇప్పుడెవడు మారుస్తాడు?

ఇంకో మాట. సాకర్ అంటే అమెరికా వాళ్ల పైత్యం అనుకుంటారు మనవాళ్లు. అసోసియేషన్ అన్న మాటని కత్తిరించి అలా పిలిచింది ఇంగ్లండు కాలేజీ కుర్రాళ్లే. తిట్టదలిస్తే వాళ్లని తిట్టండి.

విజయవాడలో మా బావమరిది మాత్రం ఇంకా కోడిగుడ్డు ఆటనే అంటాడు. ఆ 1883 లెక్క వాట్సాప్‌లో పంపాను. బ్లూ టిక్కులైతే పడ్డాయి.