ఆల్బిన్ ఆడబోతున్న అమ్మలుకి

అమ్మలూ,

వచ్చే చదరంగం టోర్నమెంట్‌లో నల్లపావులు వస్తే ఆల్బిన్ కౌంటర్ గాంబిట్, అదే బంటును ఎర వేసే ఆ ఓపెనింగ్ (ఆట మొదటి ఎత్తుల వరస), ఆడతానన్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సంతోషం పట్టలేకపోయాను. రాత్రి నిద్ర కూడా పట్టలేదు.

గడుల పేర్లతో చెబుతున్నా, అన్నీ బంట్లే: తెల్ల డి4, నువ్వు డి5, తెల్ల సి4, నువ్వు ఈ5. తెల్ల ఆ ఈ5 బంటును కొట్టగానే నీ డి5 బంటు డి4కి దూకుతుంది. ఇదంతా నీకు తెలిసిందే.

నా భయమంతా ఇందులోని లాస్కర్ ట్రాప్ అనే ఉచ్చు గురించి. 1893లో న్యూయార్క్‌లో మేటి ఆటగాడు లాస్కర్ మీద ఆల్బిన్ అనే ఆటగాడు ఈ ఓపెనింగ్ ఆడాడని తెలిసినప్పటి నుంచీ నాకు దీని మీద పిచ్చి. ఎదుటివాడు నాలుగో ఎత్తులో ఈ3 ఆడాలి, నేను శకటుతో బి4లో చెక్ చెప్పాలి, ఏడో ఎత్తులో నా బంటు జి1 చేరి మంత్రి కాకుండా గుర్రమై చెక్ ఇవ్వాలి. దాన్ని ఏనుగు కొడితే జి4లో శకటు చెక్, రాజు తప్పుకోగానే వెనకున్న మంత్రి నాది. ఎన్ని రాత్రులు కలగన్నానో!

తీరా నా ఆటలో ఎదుటాయన నాలుగో ఎత్తుకి ఈ3 ఆడలేదు. గుర్రాన్ని ఎఫ్3లో పెట్టాడు. నా డి4 బంటు మీద దెబ్బ. గుండె గుభేలుమంది. కంగారులో సి5 ఆడి బంటుకు కాపు పెట్టాననుకున్నాను. ఆయన నెమ్మదిగా ఈ3 తోశాడు. చెక్ చెబుదామని శకటు వైపు చెయ్యి చాపాను. బి4కి వెళ్లే దారిలో నా సి5 బంటే కూర్చునుంది! నేను నమ్ముకున్న దారిని నా చేత్తో నేనే మూసేశాను. ఆ ఓటమి తర్వాత ఏళ్ల తరబడి ఈ5 తొయ్యడానికి నా చెయ్యి రాలేదు.

కాబట్టి అక్కడ నల్ల గుర్రాన్ని సి6కి తీసుకురా, సి5 జోలికి పోకు. ఎదుటివాళ్లు జి3 ఆడితే శకటును ఈ6కో జి4కో తెచ్చి, మంత్రిని డి7లో పెట్టి, మంత్రి వైపు క్యాస్లింగ్ (రాజునూ ఏనుగునూ ఒకేసారి జరిపే ఎత్తు) చెయ్యి. డి4 బంటు ఉన్నంతవరకు తెల్లకి ఊపిరాడదు. అది ఊరికే పోతే నీకు మిగిలేది రెండు బంట్ల లోటు. ట్రాప్ ఒక్కటే బట్టీ పట్టి బోర్డు ముందు కూర్చున్నావని తెలిస్తే మాత్రం ఊరుకోను, చెబుతున్నాను.

నువ్వు ఓడిపోతావని కాదు తల్లీ, ఓడిపోయి నాలాగే ఆ బంటును తొయ్యడం మానేస్తావేమోనని బెంగ. ఆట అవగానే ఎత్తులు రాసుకున్న స్కోర్‌షీట్ ఫోటో తీసి పంపు. ఓడితే ముందు నాకే పంపు. ఎంత రాత్రయినా బోర్డు పరుచుకుని కూర్చుంటాను.

మీ మామయ్య