హైదరాబాద్–డాలస్: టిక్కెట్టులో గంటలు ఎందుకు తగ్గాయి?

మీ అమ్మగారు జూన్‌లో హైదరాబాద్ నుంచి తెల్లవారుజామున 3.30కి బయలుదేరి అదే రోజు సాయంత్రం 4 గంటలకు డాలస్ చేరతారని టిక్కెట్టులో ఉందన్నారు. పన్నెండున్నర గంటల్లో ఎలాగని మీ సందేహం. అవి ఏ ఊరి సమయం ఆ ఊరిదేనండీ. వేసవిలో డాలస్ మనకంటే పదిన్నర గంటలు వెనుక ఉంటుంది (చలికాలంలో పదకొండున్నర). అది కలిపితే అసలు ప్రయాణం 23 గంటలు: దోహాకు నాలుగున్నర, అక్కడ ఆగేది రెండున్నర, ఆపైన 16.

భూగోళం మీద అతి దగ్గరి దారి సుమారు 14,400 కిలోమీటర్లు. దోహా మీదుగా ఇంకా ఎక్కువే.

నాకు ఆందోళనంతా ఆ 16 గంటల గురించే. పెద్దవారు కదా, నడవా పక్క సీటు తీసుకోండి, మధ్యమధ్య లేచి నడవమనండి. దోహాలో వీల్‌చైర్ కావాలని ఇప్పుడే చెప్పి ఉంచండి.