పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టినా ఇంటి కెమెరాలు బయటి నుంచి ఎందుకు తెరుచుకోవు?

ఇంట్లో వైఫై మీద డీవీఆర్ (కెమెరాల వీడియో రికార్డు చేసే పెట్టె) చక్కగా కనిపిస్తోంది, రౌటర్లో 8000, 554 పోర్టులు ఫార్వర్డ్ చేశారు (బయటి నుంచి ఆ నంబర్లకు వచ్చేదాన్ని డీవీఆర్‌కి పంపమని చెప్పారు), బయట మొబైల్ డేటా మీద మాత్రం టైమవుట్ అంటున్నారు. ఇక పోర్టు నంబర్లు మార్చి చూడటం ఆపండి. మీ ఇంటికి సొంత పబ్లిక్ ఐపీ (బయటి ఇంటర్నెట్ నుంచి నేరుగా చేరగల చిరునామా) లేదు, దాదాపు ఖాయం.

రెండు నిమిషాల్లో తేల్చుకోవచ్చు. రౌటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ (రౌటర్‌కి బయటి వైపు ఉన్న చిరునామా) చూడండి. 'వాట్ ఈజ్ మై ఐపీ' సైట్ చూపించే నంబరుతో పోల్చండి, రెండూ వేరైతే సొంత పబ్లిక్ ఐపీ లేనట్టే. వ్యాన్ ఐపీ 100.64 నుంచి 100.127 లోపు ఉన్నా, 10తో మొదలైనా అది ఇంటర్నెట్ కంపెనీ పెట్టిన సీజీనాట్, అంటే ఒక పబ్లిక్ ఐపీని చాలా ఇళ్లకు పంచే ఏర్పాటు. 192.168తో మొదలైతే ఓఎన్‌టీ (ఫైబర్ కేబుల్ వచ్చి చేరే పెట్టె) కూడా నాట్ చేస్తోందన్నమాట, అంటే అదీ చిరునామా మార్చి పంచుతోంది. దాన్ని బ్రిడ్జ్ మోడ్‌లో (నాట్ చేయకుండా నేరుగా దాటించేలా) పెట్టించి మళ్లీ చూడండి.

పాత చిరునామా పద్ధతైన ఐపీవీ4లో ఉన్నవే 430 కోట్ల చిరునామాలు. కేంద్ర నిల్వ 2011 ఫిబ్రవరిలోనే అయిపోయింది. అందుకని ఒక పబ్లిక్ ఐపీని పదుల ఇళ్లకు పంచుతున్నారు. మీ ఇంటి నుంచి ప్యాకెట్ బయటికెళ్తే కంపెనీ పెట్టె తన పట్టికలో ఒక వరస రాసుకుంటుంది, జవాబు ఆ వరస పట్టుకునే వెనక్కొస్తుంది. బయటివాడు తనంతట తాను వస్తే వరస ఉండదు, ప్యాకెట్ అక్కడే పోతుంది. మీ రౌటర్ దాకా రానే రాదు, ఫార్వర్డింగ్ ఏం చేస్తుంది పాపం! డైనమిక్ డీఎన్ఎస్ (మారే ఐపీని ఒక పేరుకు కట్టే సేవ) పెట్టినా చూపించేది కంపెనీ చిరునామానే.

ఇంకో తలనొప్పీ ఇక్కడిదే. ఒక ఐపీకి పోర్టులు 65,536. 64 ఇళ్లకు పంచితే ఇంటికి వెయ్యి చొప్పున. టొరెంట్ ఒక్కటి పెడితే ఆ వెయ్యీ నిండిపోవచ్చు. అప్పుడు స్పీడ్‌టెస్ట్ బాగానే వస్తుంది, సైట్లు మాత్రం సగం తెరుచుకుని ఆగిపోతాయి. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే రౌటర్ ఆపి మళ్లీ వేయమంటారు. పట్టిక ఖాళీ అయి కాసేపు బాగుంటుంది, మళ్లీ మొదలు.

డబ్బు కట్టి స్టాటిక్ ఐపీ (మారని సొంత పబ్లిక్ ఐపీ) తీసుకుంటే మీ ఫార్వర్డింగ్ పనిచేస్తుంది. కానీ నా మాట వింటే ఆ పోర్టులు తెరవకండి. కెమెరాలు బిగించినవాళ్లు చాలామంది పాస్‌వర్డ్ 'అడ్మిన్' అని వదిలేసి పోతారు. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ సరిగ్గా ఇలాంటి డీవీఆర్‌లనే లక్షల్లో పట్టుకుంది. ఐపీవీ6 (కొత్త చిరునామా పద్ధతి) ఉంటే నాట్ గొడవే లేదు, ఫైర్‌వాల్లో ఒక రూలు చాలు. పాత డీవీఆర్‌లలో చాలావాటికి మాత్రం ఐపీవీ6 రాదు.

మేలైన దారి వైర్‌గార్డ్, రెండు చోట్ల మధ్య రహస్య దారి (టన్నెల్) కట్టే సాఫ్ట్‌వేర్. బయట పబ్లిక్ ఐపీ ఉన్న చిన్న వీపీఎస్ (అద్దె సర్వర్) ఒకటి తీసుకోండి. ఇంట్లో 'రాస్ప్‌బెర్రీ పై' అనే చిన్న కంప్యూటర్ నుంచి దానికి టన్నెల్ కట్టండి, ఫోన్ కూడా ఆ వీపీఎస్‌కే కలుస్తుంది. ఇంటి వైపు కీప్‌అలైవ్ (లైన్ ఖాళీగా ఉన్నా పంపే చిన్న ప్యాకెట్) 25 సెకన్లు పెట్టాలి, లేకపోతే సీజీనాట్ పట్టికలో మీ వరస చెరిగిపోయి టన్నెల్ మూగబోతుంది. లాగిన్ పేజీ వచ్చి వీడియో రాకపోతే ఎంటీయూ (ఒక ప్యాకెట్‌లో పట్టే గరిష్ఠ బైట్లు) చూడండి. పీపీపీఓఈ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో కలిసే) లైన్లో 1492 మాత్రమే పడుతుంది కాబట్టి, వైర్‌గార్డ్ ఎంటీయూ 1420 నుంచి 1412కి దించండి.