బీడింగ్ అతుకు బయటికి తెలియకుండా ఎలా వేయాలి?

వార్డ్‌రోబ్ 11 అడుగులు, పైన కొట్టడానికి షాపులో దొరికే టేకు బీడింగేమో (అంచుకి కొట్టే సన్న చెక్క పట్టీ) 8 అడుగులే, అతుకు కనపడకుండా ఎలా అని అడిగారు కదా. అతుకు తప్పదండీ, తెలియకుండా మాత్రం వేయించుకోవచ్చు.

మాది విజయవాడలో పటమట. మా ఇంట్లో మొదటిసారి కార్పెంటర్ రెండు ముక్కల్నీ అడ్డంగా తిన్నగా కోసి, ఎదురెదురుగా ఆనించి మేకులు కొట్టేశాడు. ఆ రోజు బానే ఉంది. ఒక్క ఎండాకాలం గడిచేసరికి పోస్టుకార్డు దూరేంత సందు వచ్చింది, మంచం మీద పడుకుంటే కళ్లు తిన్నగా ఆ నల్ల గీత మీదికే పోయేవి.

రెండోసారి పక్కనే కూర్చుని చేయించాను. చివర్లు 45 డిగ్రీల ఏటవాలుగా కోసి, ఒకదాని మీదికి ఇంకోటి ఎక్కేలా పెట్టాలి. అప్పుడు కలప కాస్త జరిగినా సందులోంచి కనపడేది కూడా కలపే. రెండూ ఒకే వాలులో కోయాలి, మూలకి కోసినట్టు ఎదురు వాలులో కాదు. మావాడు అలవాటు కొద్దీ రంపం కోణం మార్చేసి అడుగు ముక్క దండగ చేశాడు. పైకి ఎక్కే ముక్క గుమ్మం వైపు నుంచి రావాలి, లోపలికి వచ్చేవాళ్లకి అతుకు అంచు అవతలి వైపుకి పోతుంది. అతుకు సరిగ్గా లోపలి నిలువు పార్టిషన్ మీద పడేలా కొలుచుకోండి, తలుపుల మధ్య గాలిలో వద్దు.

కోసిన చివర ఫెవికాల్‌ని పీల్చేసుకుంటుంది, అందుకని ఒక పూత పూసి రెండు మూడు నిమిషాలు ఆగి మళ్లీ పూయాలి. టేకు అంచు చీలుతుంది కాబట్టి సన్న బిట్‌తో బెజ్జం వేశాకే తల లేని మేకు. బయటికి వచ్చిన ఫెవికాల్ వెంటనే తడిగుడ్డతో తుడిచేయండి, ఎండిపోతే అక్కడ పాలిష్ పట్టదు, మచ్చలా తేలుతుంది. పెయింట్ వేస్తే ఇంత టెన్షన్ లేదు, లప్పం (పుట్టీ) సర్దేస్తుంది.

షాపులో ముక్కలన్నీ పక్కపక్కన పెట్టి రంగూ చారలూ కలిసేవే ఏరుకోండి, బేరం కంటే ఇది ముఖ్యం. ఇక గోడ మూల దగ్గర మూలమట్టం పెట్టి చూడనిదే కోయనివ్వొద్దు, మన ఇళ్లలో ప్లాస్టరింగ్ అయ్యాక మూల కచ్చితంగా 90 డిగ్రీలు ఉండటం అరుదు. ముందు రెండు పనికిరాని ముక్కల మీద కోయించి ఆనించి చూడండి.

మీ పార్టిషన్ ఎన్నో అడుగు దగ్గర వస్తోందో చెప్తే అతుకు ఎక్కడ పెట్టాలో చెప్తాను.