డబ్బు రాని కారు రేసుల్లో తరతరాలుగా ఎందుకు ఉంటారు?

మీ ఆఫీసులో ఒకాయన, ఆయన తండ్రి, ఇప్పుడు కొడుకు, ముగ్గురూ శనివారం వచ్చిందంటే లోకల్ స్టాక్ కార్ రేసుల (మామూలు కార్లతో మొదలైన పోటీల) దగ్గరే ఉంటారని రాశారు. గెలిచినా పెద్దగా డబ్బు రాదు, కార్లు తుక్కవుతాయి, ఒళ్ళు హూనమవుతుంది. అలాంటప్పుడు మూడు తరాలు దీన్నే ఎందుకు పట్టుకుని ఉన్నాయని మీ ప్రశ్న.

నేను అమెరికాలో నార్త్ కరోలినాలోని విన్‌స్టన్-సేలంలో చాలా ఏళ్ళుగా ఉంటున్నాను. మా ఎదురింటివాళ్ళు ఇలాంటి కుటుంబమే. తాత ఒకప్పుడు రేసులు నడిపాడు, కొడుకు నడిపాడు, ఇప్పుడు మనవరాలు నడుపుతోంది. మొదట్లో వాళ్ళ షెడ్డులోంచి వచ్చే గ్రైండర్ చప్పుడుకి కిటికీలు మూసుకునేవాణ్ణి. తర్వాత మెల్లగా అక్కడే ఎక్కువ సాయంత్రాలు గడపడం అలవాటైంది. కాబట్టి చూసిందే చెబుతాను. నా ఉద్దేశంలో మీ ప్రశ్నకి జవాబు రేసు ట్రాక్ మీద కన్నా ఆ షెడ్డులో తొందరగా దొరుకుతుంది.

ముందు ఈ ప్రాంతం గురించి కొంచెం తెలియాలి. మా ఊళ్ళో రేసులు జరిగేది బౌమన్ గ్రే స్టేడియంలో. అసలు అది అమెరికన్ ఫుట్‌బాల్ స్టేడియం, 1930లలో కట్టారు. మైదానం చుట్టూ పావు మైలు, అంటే సుమారు 400 మీటర్ల తారు ట్రాక్ ఉంటుంది. స్టాక్ కార్ రేసులు నడిపే సంస్థ నాస్కార్‌ని పెట్టిన బిల్ ఫ్రాన్స్ సీనియర్, ఆల్విన్ హాకిన్స్ కలిసి 1949లో ఇక్కడ వారంవారం రేసులు మొదలుపెట్టారు. ఆ తర్వాత దశాబ్దాల పాటు హాకిన్స్ కుటుంబమే వాటిని నడుపుతూ వచ్చింది. అంటే ఇక్కడ డ్రైవర్లే కాదు, రేసు నడిపించేవాళ్ళు కూడా వారసత్వంగానే వచ్చారు. చూసేవాళ్ళూ అంతే. తాతలు కూర్చున్న వైపే మనవళ్ళు కూర్చుంటారు, ఎవరిని చూసి ఈల వెయ్యాలో, ఎవరిని చూసి అరవాలో చిన్నప్పుడే ఇంట్లో తేలిపోతుంది. ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా శనివారం రాత్రిళ్ళు రేసులు, తర్వాత స్టేడియం ఫుట్‌బాల్‌కి వెళ్ళిపోతుంది.

ఇక్కడి మైయర్స్ కుటుంబం గురించి మీ కొలీగ్ ఈపాటికి చెప్పే ఉంటాడు. చెప్పకపోతే అడగండి. బిల్లీ, బాబీ అని ఇద్దరు అన్నదమ్ములు, ఇద్దరూ పేరున్న డ్రైవర్లు. బాబీ 1957లో సౌత్ కరోలినాలోని డార్లింగ్టన్‌లో సదరన్ 500 అనే పెద్ద రేసు నడుపుతూ ప్రమాదంలో చనిపోయాడు. ఏడాది తిరక్కుండానే 1958లో బిల్లీ ఇదే బౌమన్ గ్రేలో రేసు మధ్యలో గుండెపోటుతో పోయాడు. ఇద్దరికీ చిన్న పిల్లలున్నారు. ఆ రేసుల పేరెత్తితేనే ఆ ఇంట్లో ఏడుపు రావాలి అనుకుంటాం కదా. కానీ బిల్లీ కొడుకు గ్యారీ పెద్దయ్యాక ఇదే స్టేడియంలో ఏళ్ళ తరబడి కారు నడిపాడు. గ్యారీ కొడుకులు బర్ట్, జేసన్ ఇక్కడే పేరు తెచ్చుకున్నారు. ఇప్పుడు బర్ట్ కొడుకు స్లేట్ దిగాడు. నాలుగో తరం. బాబీ కొడుకు డానీ, అందరూ చాక్లెట్ అని పిలుస్తారు, పేరున్న నాస్కార్ డ్రైవర్ డేల్ ఎర్న్‌హార్ట్ కారుకి పిట్‌లో (కార్లకి పనులు చేసే చోట) పెట్రోలు నింపే మనిషిగా దేశమంతా తెలిశాడు. ఆ అన్నదమ్ముల పేరు మీద జరిగిన రేసులోనే 1969లో నాస్కార్ దిగ్గజం రిచర్డ్ పెట్టీ తన 100వ గెలుపు సాధించాడు, అదీ ఇదే స్టేడియంలో.

తండ్రిని తీసుకుపోయిన చోటికే కొడుకు మళ్ళీ ఎందుకు వెళ్తాడని నేను మా ఎదురింటి పెద్దాయన్ని ఒకసారి అడిగాను. ఆయన ఏదో గంభీరమైన మాట చెబుతాడనుకున్నాను. "ఇంకెక్కడికి వెళ్తాడు? తండ్రి స్నేహితులంతా అక్కడే ఉన్నారు, తండ్రి గురించి చెప్పేవాళ్ళూ అక్కడే ఉన్నారు" అన్నాడు. నాకు ఆ జవాబు చాలా నిజంగా అనిపించింది.

ఇప్పుడు షెడ్డు సంగతి. పేరు స్టాక్ కార్ అంటారు గానీ, షోరూంలో కొన్న కారు తెచ్చి పరిగెత్తించే రోజులు ఎప్పుడో పోయాయి. పెద్ద తరగతి మోడిఫైడ్ కార్లకి చక్రాలు బయటికి కనిపిస్తుంటాయి, లోపలంతా ఇనుప పైపుల చట్రం. దానికి పదుల వేల డాలర్లు అవుతుంది. కింది తరగతి స్టేడియం స్టాక్‌లో నాలుగు సిలిండర్ల చిన్న కార్లు, మా ఎదురింటి అమ్మాయి నడిపేది అదే. ఏ తరగతైనా పని మాత్రం తప్పదు. ఆదివారం కారు కడిగి, ఏం వంగిందో, ఏం విరిగిందో చూస్తారు. సోమ, మంగళవారాలు వెల్డింగు, రేకు కొట్టడం. బుధవారం ఇంజన్. గురువారం రాత్రి తూకం. అందరూ పగలు వేరే ఉద్యోగాలు చేసుకుని వచ్చేవాళ్ళే.

ఈ తూకం నాకు చాలా ఇష్టం. నాలుగు చక్రాల కింద నాలుగు కాటాలు పెడతారు. పెట్రోలు ఎంత ఉండాలో అంత పోస్తారు. మనవరాలు హెల్మెట్ పెట్టుకుని, బెల్టులు బిగించుకుని కదలకుండా కూర్చుంటుంది, ఎందుకంటే ఆమె బరువు కూడా లెక్కే. కొడుకు అంకెలు పైకి చదువుతాడు. కుడి ముందు చక్రం, ఎడమ వెనక చక్రం, ఈ ఐమూలగా ఉన్న రెండింటి మీద మొత్తం బరువులో ఎంత భాగం పడుతోందన్నదే అసలు విషయం. ఆ బరువు కొంచెం ఎక్కువైతే మలుపులో కారు తిరగనని మొరాయిస్తుంది, తక్కువైతే వెనక భాగం జారిపోతుంది. పెద్దాయన స్ప్రింగు మీది స్క్రూని పావు చుట్టు తిప్పి ఆగుతాడు. మళ్ళీ చదువుతారు. ఇంకో పావు చుట్టు. చూస్తుంటే గంట గడిచిపోతుంది.

టైర్లదీ అదే కథ. ఎప్పుడూ ఎడమవైపే తిరగాలి కాబట్టి వెనక కుడి టైరు చుట్టుకొలత ఎడమ దానికన్నా కాస్త ఎక్కువ ఉండాలి. అప్పుడు స్టీరింగుతో కుస్తీ పట్టకుండానే కారు ఎడమకి లాగుతుంది. టేపు చుట్టి కొలిచి, ఆ అంకె సుద్దముక్కతో టైరు మీద రాస్తారు. ఆ రాత మొదట పెద్దాయనది, తర్వాత కొడుకుది, ఇప్పుడు మనవరాలిది. ముగ్గురూ 7 అంకెకి అడ్డగీత పెడతారు.

అన్నిటికన్నా ముఖ్యమైన మనిషి గురించి ఇంకా చెప్పలేదు. ఆ ఇంటి పెద్దావిడ. ఆవిడ ఎప్పుడూ రేసు కారు నడపలేదు. పెళ్ళయినప్పటి నుంచీ నోటుపుస్తకాలు రాస్తోంది. ఏ శనివారం గాలి ఎంత వేడిగా ఉంది, ఏ స్ప్రింగు వేశారు, టైర్లలో గాలి ఎంత, ఏ ల్యాపుకి (ట్రాక్ చుట్టూ ఒక చుట్టుకి) ఎన్ని సెకన్లు. ఎవరు గెలిచారన్నది అన్నిటికన్నా కింద ఒక చిన్న గీతలో ఉంటుంది. కారు సరిగా తిరగడం లేదని మనవరాలు చిరాకు పడితే, ఆవిడ లోపలికెళ్ళి పాత పుస్తకం ఒకటి తెచ్చి, "మీ నాన్నకీ ఇలాగే అయింది, అప్పుడు ఇది మార్చారు" అని పేజీ తీసి చూపిస్తుంది. నేను చూస్తుండగానే అది చాలాసార్లు పనికొచ్చింది. కారు అమ్మేయొచ్చు, ఇంజన్ మార్చేయొచ్చు. ఈ పుస్తకాలు ఇంకే ఇంట్లోనూ దొరకవు. రేసు కుటుంబం ఎవరో ఒకరి తరంలో ఆగిపోతే పోయేది ఇదే.

డబ్బు గురించి అడిగారు. మా గుంటూరు వైపు ఒంగోలు గిత్తల్ని మేపి బండలాగుడు పోటీలకి తీసుకెళ్ళే కుటుంబాలు ఉన్నాయి కదా, గెలిచిన బహుమతి ఉలవల ఖర్చుకి కూడా చాలదని తెలిసినా గిత్తని అమ్మరు. ఇక్కడ లెక్క కూడా అలాగే ఉంటుంది. గెలిస్తే టైర్ల డబ్బు వస్తే గొప్ప. కారు మీద పేర్లు కనిపించే స్పాన్సర్లలో చాలామంది ఊళ్ళోని టైర్ల షాపువాళ్ళు, ఏసీ మెకానిక్కులు, హోటల్ వాళ్ళు. వాళ్ళూ చాలావరకు స్నేహం కోసమే ఇస్తారు. కాబట్టి ఖర్చు ఇంటి మీదే పడుతుంది. వేసవి సెలవులకి ఎక్కడికీ వెళ్ళరు. శనివారం పెళ్ళిళ్ళకి వెళ్ళరు. మా ఎదురింటాయన తమ్ముడు ఇవన్నీ భరించలేక దూరంగా ఉండిపోయాడు, పండక్కి వచ్చినా షెడ్డు వైపు రాడు. ఆయన్ని నేను తప్పుపట్టను. చిన్నప్పుడు తన పుట్టినరోజులన్నీ పిట్‌లోనే జరిగాయని ఆయనే చెప్పాడు. ఇంట్లో ఇష్టం లేని పిల్లల మీద ఇది పెద్ద బరువే, ఆ సంగతి దాచి చెబితే మీకు సగం జవాబే ఇచ్చినట్టు.

భయం కూడా ఉంది. మనవరాలు మొదటిసారి దిగిన రాత్రి ఆ తల్లి స్టేడియం మెట్ల మీద ఒక్క క్షణం కూర్చోలేదు, అంత టెన్షన్. పావు మైలు ట్రాక్, పక్కనుంచి దాటడానికి చోటుండదు, అందుకని వెనక నుంచి బంపర్‌తో తోసి దారి చేసుకోవడం ఇక్కడ మామూలు. ఇప్పుడు గుద్దుకున్నప్పుడు తల ముందుకి విసురుకుపోయి మెడ విరగకుండా పట్టే హాన్స్ పరికరం, డ్రైవరు చుట్టూ గట్టి ఇనుప పంజరం, కిటికీకి వల, ఇవన్నీ ఉన్నాయి. బాబీ మైయర్స్ రోజుల్లో ఇవేవీ లేవు. ఆ తల్లి శుక్రవారం రాత్రి ప్రతి బెల్టునీ తన చేత్తో లాగి చూస్తుంది. ఆ పని ఇంకెవరికీ అప్పగించదు.

అయినా ఎందుకు మానరంటే, నాకు కనిపించింది ఇది. పదహారేళ్ళ పిల్ల, డెబ్భై దాటిన తాత ఒకే విషయం గురించి గంటసేపు వాదించుకుంటారు, అందులో ఒక్కోసారి పిల్ల చెప్పిందే సరైనదవుతుంది, తాత ఒప్పుకుని స్క్రూ తిప్పుతాడు. మన ఇళ్ళలో తాతకీ మనవరాలికీ మధ్య "తిన్నావా, చదువుకున్నావా" దాటి మాట సాగడం ఎంత అరుదో మీకు తెలుసు. వాళ్ళకి ప్రతి గురువారం సాగుతుంది. అంతా కలిసి చేసే పని ఒకటి ఆ ఇంట్లో ఉంది, దానికి వారం వారం గడువు ఉంది, శనివారం ఏడుగంటలకి కారు సిద్ధంగా లేకపోతే సాకులు చెల్లవు.

మీ కొలీగ్ రమ్మంటే రేసు రోజు కన్నా ముందు, వారం మధ్యలో ఒక సాయంత్రం షెడ్డుకి వెళ్ళండి. పాత బట్టలు వేసుకోండి, ఏదో ఒకటి పట్టుకోమని చేతికిస్తారు. వాళ్ళ నాన్నని కారు నంబరు ఎలా వచ్చిందో అడగండి, ప్రతి కుటుంబానికీ దాని వెనక ఒక కథ ఉంటుంది. శనివారం స్టేడియానికి పిల్లల్ని తీసుకెళ్తే చెవులకి ఇయర్‌మఫ్స్ తప్పనిసరి, చప్పుడు మామూలుగా ఉండదు. కాస్త ముందే వెళ్ళి పైవరసల్లో కూర్చోండి, నాలుగు మలుపులూ కనబడతాయి.