పరిశోధన అంటూ 3 లక్షలు అడుగుతున్నారు.. కట్టాలా?

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్లు. నాలుగేళ్లుగా పార్కిన్సన్స్‌కు మాత్రలు వాడుతున్నారు. చొక్కా గుండీలు పెట్టుకోవడానికే పది నిమిషాలు పడుతోంది. మూలకణాల చికిత్స పరిశోధన దశలో ఉందని, 3 లక్షలు కడితే ఇస్తామని ఒక క్లినిక్ వాళ్లు చెబుతున్నారు. ఇంకోపక్క మెదడు జబ్బుల పరిశోధనకు విరాళం ఇమ్మని ఆఫీసులో అడుగుతున్నారు. దేనివల్లయినా నాన్నకు మేలు జరుగుతుందా?
– ఓ పాఠకుడు, తెనాలి

జవాబు: ఆ 3 లక్షలు మాత్రం కట్టకండి. మన దేశంలో పార్కిన్సన్స్‌కు మూలకణాల చికిత్సకు అనుమతి లేదు. క్లినికల్ ట్రయల్‌గా, అంటే రోగుల మీద పద్ధతి ప్రకారం జరిపే పరిశోధనగా అయితే చేయొచ్చు. కానీ ట్రయల్‌లో చేరిన రోగి దగ్గర ఆ చికిత్సకు డబ్బు తీసుకోకూడదు. సీటీఆర్ఐ (మన దేశంలో క్లినికల్ ట్రయల్స్ నమోదు చేసే జాబితా) రిజిస్ట్రేషన్ నంబరు అడిగి చూడండి, వాళ్లు మాట మారుస్తారు.

విరాళం సంగతి వేరు. మీరిచ్చే డబ్బు మీ నాన్నగారికే మందుగా తిరిగొస్తుందని నేను చెప్పలేను. ఇలాంటి విరాళాలు ఎక్కువగా అవసరమయ్యేది తొలిదశ పరిశోధనకు. అంటే ఇంకా కణాలు, ఎలుకల దగ్గరే ఉన్న పని. లాభం కనపడేదాకా మందుల కంపెనీలు అటువైపు పెద్దగా రావు. అందుకే ప్రభుత్వాలు, దాతలు పూనుకోవాలి.

నాన్నగారు వేసుకునే లెవోడోపా (ఎల్-డోపా అన్నా ఇదే) కూడా అలా వచ్చిందే. 1957లో స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ అనే శాస్త్రవేత్త కుందేళ్లకు రిసర్పిన్ అనే మందు ఇచ్చారు. మన సర్పగంధి వేరులో ఉండేదే అది. పాపం, కుందేళ్లు చెవులు వేలాడేసి కదలకుండా పడిపోయాయి. ఎల్-డోపా ఎక్కిస్తే కాసేపటికే లేచి తిరిగాయి. తర్వాత వియన్నాలో, చనిపోయిన పార్కిన్సన్స్ రోగుల మెదళ్లలో డోపమైన్ (కదలికలను నడిపించే రసాయనం, ఎల్-డోపా మెదడులో దీనిగానే మారుతుంది) బాగా తగ్గిందని 1960లో తేల్చారు. రోగులకు డోపాను పెద్ద మోతాదులో ఇచ్చి ఫలితం చూపించేసరికి 1967 వచ్చింది. కార్ల్‌సన్‌కు నోబెల్ 2000లో! (ఎల్-డోపా మన దూలగొండి గింజల్లోనూ ఉంటుంది. అలాగని పొడి కొట్టి ఇవ్వకండి, మోతాదు అదుపులో ఉండదు.)

మన దగ్గరా ఇలాంటి దాతలు ఉన్నారు. ఇన్ఫోసిస్ స్థాపకుల్లో ఒకరైన క్రిస్ గోపాలకృష్ణన్ ఇచ్చిన 225 కోట్లతో బెంగళూరు ఐఐఎస్‌సీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్)లో మెదడు పరిశోధన కేంద్రం వచ్చింది. తెలుగు బాగా వినిపించే కోలారు జిల్లా శ్రీనివాసపురం పల్లెల్లో 45 ఏళ్లు దాటినవాళ్లను ఆ కేంద్రం వాళ్లు ఏళ్ల తరబడి పరీక్షిస్తున్నారు. మతిమరుపు జబ్బు ఎవరికి, ఎందుకు వస్తుందో తెలుసుకోవడానికి ఆ పని. ఇవ్వాలనుకుంటే నేరుగా సంస్థ ఖాతాకే ఇచ్చి రసీదు తీసుకోండి. నాన్నగారి మందుల డబ్బులోంచి మాత్రం వద్దు.

ఇక గుండీల ఇబ్బంది. లెవోడోపా మాత్రను అన్నంతో పాటే వేస్తున్నారేమో చూడండి. పప్పు, గుడ్డు, మాంసం లాంటి మాంసకృత్తులు దాన్ని సరిగా ఒంటికి పట్టనివ్వవు. వికారం లేకపోతే తినడానికి అరగంట ముందు వేయండి. మాత్ర వేసిన టైము, చేతులు బిగుసుకుపోయిన టైము ఓ వారం పాటు కాగితం మీద రాసి న్యూరాలజిస్టుకు చూపించండి. ఆయన మోతాదు మార్చేదాకా ఉన్నది ఒక్క పూట కూడా ఆపొద్దు.