క్విల్టింగ్ (గుడ్డముక్కలు కలిపి బొంతలు కుట్టడం) గుడ్డలు ఇంట్లో పాడవకుండా ఎలా సర్దుకోవాలి?

రంగుల సంగతి తర్వాత, ముందు కొలతను బట్టి విడదీయండి. మీటరు దాటినవి ఒకచోట, అర, పావు మీటరు ముక్కలు మరోచోట. క్విల్టు వెనకవైపుకు ఎంత గుడ్డ మిగిలిందో అప్పుడే తెలుస్తుంది. ఆపైన రంగుల వరుస పెట్టుకోవచ్చు.

మడతలన్నీ ఒకే సైజులో రావాలంటే 6 అంగుళాల వెడల్పు, 24 అంగుళాల పొడవున్న స్కేలు వాడండి. 44 అంగుళాల పన్నా గుడ్డను అంచుకు అంచు కలిపితే 22 అంగుళాలవుతుంది. దాన్ని స్కేలుకు చుట్టి, స్కేలు లాగేసి, మధ్యకు ఒక్క మడత వేయండి. డ్రాయర్‌లో పుస్తకాల్లా నిలబెడితే ఒకటి తీసినా మిగతావి చెదరవు. కొలత రాసిన చీటీ మడతలో దూర్చండి. గుండుసూది గుచ్చితే తుప్పు మరక పడుతుంది, అది పోవడం కష్టం.

అసలు శత్రువు వెలుతురు. తెరిచిన అరలో మడత అంచు మాత్రమే వెలిసి, విప్పితే చారలు కనిపిస్తాయి. తలుపున్న బీరువా మేలు. రంగు వేయని చెక్క, మామూలు అట్టపెట్టె తగిలినచోట గుడ్డ పసుపెక్కుతుంది, మధ్యలో ఉతికిన తెల్ల నూలుగుడ్డ పరవండి. ప్లాస్టిక్ డబ్బాలో పెట్టేముందు గుడ్డ పూర్తిగా ఆరాలి, లోపల తేమ చిక్కితే బూజు ఖాయం. గంజి పెట్టి దాచవద్దు, సిల్వర్‌ఫిష్ పురుగులకు అదే ఆహారం. కుట్టేముందు పెట్టుకోవచ్చు.

ఏడాదికోసారి విప్పి మడత మార్చండి. పావు మీటరుకు తగ్గిన తుంపులను అప్పటికప్పుడే 5 అంగుళాల చదరాలుగానో, రెండున్నర అంగుళాల పట్టీలుగానో కోసేయండి. కోయకుండా సంచిలో కుక్కినవి మళ్లీ బయటికి రావడం అరుదు.